హల్వా పెట్టాను, కారణం చెప్పలేదు

మా వీధిలో మిఠాయి పంచిన మనిషి కారణం చెప్పకుండా ఇంటికి వెళ్ళడం కుదరదు. పిల్ల పాసైందా, ఫ్రిజ్ కొన్నారా, కోర్టు కేసు గెలిచారా, ఏదో ఒకటి చెప్పాలి. చెప్పాకే అవతలి వాళ్ళు ముక్క నోట్లో వేసుకుంటారు. వీధి మొదట్లో ఉండే టైలరు ఒకసారి ఊరికే జిలేబీ పంచితే, ఆయనకేదో పెద్ద జబ్బు చేసిందని, పోయేలోపు అందరి నోరూ తీపి చేస్తున్నాడని అనుకుని ఇద్దరు ఆడవాళ్ళు ఏడ్చారు కూడా. ఆయనకేమీ లేదు. జిలేబీ బాగుందనిపించి ఎక్కువ కొన్నాడంతే.

అలాంటి వీధిలో నేను ఒక మధ్యాహ్నం పెట్టెడు మాడుగుల హల్వా పంచాను. ఎందుకో చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు, ఇక్కడ కూడా చెప్పను. ఆ సంగతి ముందే తెలుసుకుని ఇష్టమైతే చదవండి, లేకపోతే పేజీ తిప్పేయండి. నాకేమీ కోపం లేదు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నా కడుపులో మాట దాగదు. మా ఇంట్లో వాళ్ళు దాన్ని లోపం అంటారు. నేను ఒప్పుకోను. నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో, కరెంటు ఎందుకు పోయిందో, ఏ కొట్లో చింతపండు కొత్తదో, ఏ కొట్లో పాతదానికి నూనె రాసి పెట్టారో వీధికి చెప్పింది నేనే. మునిసిపాలిటీ వాళ్ళు కూడా అంత త్వరగా చెప్పలేరు. దాన్ని నేను సేవ అంటాను.

ఆ సేవకి ఇంట్లో నాకు దక్కిన గౌరవం ఏమిటంటే, నాకు ఎవరూ ఏమీ చెప్పరు. మా అమ్మాయి విశాఖపట్నంలో ఒక ఉద్యోగం మానేసి ఇంకో ఉద్యోగంలో చేరిపోయాక, పాత ఉద్యోగం మానేసిందని నాకు తెలిసింది. మా ఆయనకి షుగరు వచ్చిన సంగతి మందుల షాపు అతను చెబితే తెలిసింది. ఇక మా అత్త. ఆవిడది మునగపాక దగ్గర పల్లెటూరు, చెరుకు పండించే కుటుంబం. మాట కరుకు, మనసు ఎలాంటిదో చాలా ఏళ్ళు నాకు తెలియనివ్వలేదు. ఆవిడ తన చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతుండగా నేను గదిలోకి వెళ్ళానంటే చాలు, "అవునే, వర్షం బాగా పడతంది" అని మాట మార్చేస్తుంది. బయట ఎండ మాడిపోతూ ఉంటుంది. పైకి నవ్వేదాన్ని గానీ లోపల మండేది. ఊరందరికీ వార్తలిచ్చే మనిషికి సొంతింట్లో ఒక్క వార్తా చేరకపోతే ఎలా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలియదు.

అలాంటి నన్ను హెల్ప్‌లైన్‌కి పిలిచింది ఒక రిటైరైన హెడ్ నర్సు. చర్చిలో పాటలు పాడే గొంతు, ఆసుపత్రిలో అందరినీ హడలెత్తించిన చూపు. మా అమ్మాయి పుట్టినప్పటి నుంచి నాకు పరిచయం. మేమంతా ఆవిడని మేడం అనే అంటాం. "బాధలో ఉన్నవాళ్ళు ఫోన్ చేస్తుంటారు, మధ్యాహ్నం పూట కూర్చోడానికి మనుషులు కావాలి, వస్తారా?" అన్నారు. ఇంకేం, నా మాటకారితనం చూసి పిలిచారని మురిసిపోయి వెళ్ళాను. అక్కడికెళ్ళాక తెలిసింది, వినడానికట.

పళ్ళ డాక్టరు క్లినిక్ పైన రెండు గదులు. బోర్డు లేదు. ఎవరైనా చూసినా పన్ను నొప్పికి వచ్చామనుకుంటారు. ఒక గదిలో ఫోన్లు, ఇంకో గదిలో కుర్చీలు, టీ ఫ్లాస్కు. ట్రైనింగులో మొదటి రోజు మమ్మల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, ఒకరు కల్పించిన బాధ చెప్పాలి, రెండోవారు వినాలి అన్నారు. నా జంటగా వచ్చినావిడ మొగుడు పేకాటలో పడ్డాడని కల్పించి చెప్పింది. బాగా చెప్పింది, నాకు కన్నీళ్ళొచ్చాయి. తర్వాత టీ తాగుతుంటే మేడం నా పక్కన నిలబడి, "పాపం ఆవిడ దిగులుగా ఉన్నట్టుంది కదా?" అన్నారు. అంతే. పేకాట, తాకట్టు పెట్టిన గాజులు, అత్తగారి సాధింపు, అన్నీ వరసగా అప్పజెప్పేశాను. పైగా ఆవిడ చెప్పనివి రెండు నేనే కలిపాను.

మేడం టీ కప్పు కింద పెట్టి అందరినీ పిలిచారు. "ఇది నిజం ఫోనైతే ఆవిడ ఇంకెప్పుడూ ఎవరికీ ఫోన్ చేయదు" అన్నారు. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఆ తర్వాత నేర్పినవన్నీ నాకు కంఠతా వచ్చు. పేరు అడగకూడదు. విన్నది గది దాటకూడదు. మొగుడికి చెప్పకూడదు, దిండుకి కూడా చెప్పకూడదు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే మాత్రం, మీకోసం ఇంకొకరి సాయం తీసుకుంటున్నానని ఫోన్ చేసిన మనిషికే ముందు చెప్పి, మేడంకి చెప్పాలి. అన్నిటికంటే కష్టమైంది ఇంకొకటి ఉంది. బయట ఎవరైనా, "ఫలానా మనిషి మీకు ఫోన్ చేశారా?" అని అడిగితే అవుననకూడదు, కాదని కూడా అనకూడదు. నిజంగా చేయకపోయినా సరే. "ఇవాళ నలుగురి పేర్లకి కాదని చెప్పి, రేపు అయిదో పేరు దగ్గర ఆగారనుకోండి. ఆ ఆగడమే అవునని చెప్పడం" అన్నారు మేడం.

"మరి నోట్లోంచి మాట తన్నుకొచ్చేస్తే ఏం చెయ్యాలండీ?" అని అడిగాను. నలుగురూ నవ్వారు గానీ నేను సీరియస్‌గానే అడిగాను.

"నీళ్ళు తాగండి" అన్నారు మేడం. "మింగేటప్పుడు మాట్లాడలేరు కదా."

అప్పటినుంచి నా సంచిలో పెద్ద స్టీలు బాటిలు ఉంటుంది. దాని సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇంట్లో మాత్రం బాధలు వినే ఫోన్ దగ్గర కూర్చుంటున్నానని చెప్పాను, అది ఎక్కడుందో చెప్పలేదు. మా అత్త దానికి ఫోనాఫీసని పేరు పెట్టింది, ఆ పేరే వీధంతా పాకింది. "ఈవిడకి సెప్పుకోడానికా ఫోన్లు సేత్తన్నారు? ఆళ్ళకి ఇంకో ఫోను లేదా?" అంది. మా ఆయన బెల్లం మార్కెట్లో కమిషన్ కొట్లో గుమస్తా. భోజనం చేస్తూ నవ్వాడు, పొలమారింది. వీపు మీద కావాల్సిన దానికంటే గట్టిగా కొట్టాను.

ఇప్పుడు ఆ మనిషి సంగతి. ఆడో మగో చెప్పను, వయసు చెప్పను, ఊరు చెప్పను. పేరు నాకే తెలియదు. కానీ మాటల్లో ఒక సంగతి బయటికొచ్చింది. ఆ ఒక్క ముక్క చెబితే మా అనకాపల్లిలో సగంమంది "ఓహో, వాళ్ళా!" అంటారు. అందుకే మేడం ఈ కాగితాలన్నీ ముందు చదివారు. అంతా సవ్యంగా ముగిసిపోయాక, ఏ ఇబ్బందీ లేదని తేలాకే రాయనిచ్చారు. అయినా ఒక వాక్యం కొట్టేశారు. అది ఎక్కడ ఉండేదో ఆ చోటుకి వచ్చినప్పుడు చూపిస్తాను.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఆ మనిషి ఏమీ మాట్లాడలేదు, ఏడుపు ఒక్కటే. నేను ఊ కొట్టాను. ఏడుపుకి ఊ కొట్టడం ఏమిటని అనుకోకండి, అవతల ఒకరున్నారని తెలియాలి కదా. తర్వాత మళ్ళీ చేశారు, మళ్ళీ చేశారు. ప్రతిసారీ మొదటి మాట ఒకటే: "ఇది ఎవరికీ తెలీదు కదండీ?" తెలియదండి అంటేనే రెండో మాట వచ్చేది. కొన్ని నెలలు అలా గడిచాయి. వినడం అంటే ఏమిటో నాకు ఆ మనిషే నేర్పారు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. మా అత్త చూసి కూర బాగోలేదనుకుని ముఖం ముడుచుకునేది. చెప్పలేను, నీళ్ళు తాగేదాన్ని.

ఇంతలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఎత్తాను. అవతల నవ్వు!

ఎవరో ఆకతాయిలనుకున్నాను. కాదు, ఆ గొంతే. నవ్వుతూనే ఏదో చెప్పబోయి, ఆగి, మళ్ళీ నవ్వు. నాకూ నవ్వొచ్చింది. ఎందుకో తెలియకుండానే నవ్వాను. చివరికి సంగతి చెప్పారు. నెలల తరబడి ఏ ముడి విడదని ఏడ్చారో ఆ ముడి విడిపోయింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. పక్క ఫోన్ దగ్గరున్నావిడ నన్ను చూసి భయపడింది. ఫోన్ పెట్టేముందు ఆ గొంతు మళ్ళీ తగ్గింది. "ఇంకా కొన్నాళ్ళు ఎవరికీ తెలియకూడదండీ. ఇప్పుడే బయటపడితే మొత్తం చెడిపోతుంది. మీరు ఎవరికీ చెప్పరు కదా?"

"చెప్పనండి" అన్నాను. అన్నాను గానీ, నాకు అప్పటికి దుఃఖాన్ని దాచుకోవడం కొంత అలవాటైంది. సంతోషాన్ని దాచుకోవడం ఎవరూ నేర్పలేదు.

మెట్లు దిగుతుంటే కాళ్ళు నేలమీద లేవు. పన్ను పీకించుకోడానికి బుగ్గ పట్టుకుని పైకొస్తున్న ఒకాయన్ని చూసి పకపకా నవ్వాను, పాపం ఆయన ఏమనుకున్నాడో. అమ్మాయికి ఫోన్ చేయబోయి ఆగాను. ఆటో ఎక్కి, డ్రైవరుతో "బాబూ" అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని బాటిలు ఎత్తాను. మిఠాయి షాపు కనబడగానే ఆటో ఆపించి దిగిపోయాను. ఏదో ఒకటి చెయ్యకపోతే ప్రాణం ఆగేలా లేదు. మాడుగుల హల్వా పెద్ద పెట్టె కొన్నాను. ఆ హల్వా మావైపు కొత్త దంపతులకి, బాలింతలకి బలమని పెడతారు. ఆ క్షణంలో అది గుర్తుంటే మైసూర్‌పాక్ కొనేదాన్ని.

వీధిలోకి రాగానే మోటారు వైండింగ్ షాపతని భార్య గేటు దగ్గర కనబడింది. నా తర్వాత వీధిలో వార్తలకి ఆవిడే. నన్ను వదినా అని పిలుస్తుంది. ముక్క చేతిలో పెట్టాను.

"ఏటి వదినా, ఏటి విశేషం?"

"ఏమీ లేదు, తిను."

ముక్క అలాగే పట్టుకుని నిలబడింది. ఇంతలో పక్కింటి టీచరమ్మ వచ్చింది, ఎదురింటి ముసలమ్మ వచ్చింది. పెట్టె తెరిచాక పెట్టకుండా ఎలా? అందరికీ పెట్టాను. ఎవరూ తినలేదు. అందరూ హల్వా పట్టుకుని నా ముఖం చూస్తున్నారు.

"పిల్లకి సమ్మంధం కుదిరిందా?" "లేదు." "స్థలం అమ్మేరా?" "లేదు." "అన్నయ్యకి జీతం పెరిగిందా?" "ఆ కొట్లోనా? లేదు."

నోటికి వచ్చినట్టు లేదు, లేదు అంటూ పోతున్నాను. అప్పుడు వైండింగ్ షాపావిడ కళ్ళు చిన్నవి చేసి, "అయితే ఇంటి సంగతి కాదు. ఫోనాఫీసులో ఎవులికో ఏదో మంచి జరిగుంటాది" అంది. ఇన్ని లేదులు చెప్పి నేనే వాళ్ళని తీసుకెళ్ళి ఆ గుమ్మం ముందు నిలబెట్టాను! ఇంక మొదలైంది. ఈమధ్య ఎవరింట్లో గొడవలు, ఎవరు బక్కచిక్కారు, ఎవరు ఉన్నట్టుండి నవ్వుతున్నారు, ఒక్కొక్క పేరూ బయటికొస్తోంది. ఒక్కొక్క పేరుకీ నా కళ్ళలోకి చూస్తున్నారు.

మేడం కొట్టేసిన వాక్యం ఇక్కడ ఉండేది.

అవుననలేను, కాదనలేను. బాటిలు ఎత్తాను. ఒక పేరుకి ఒక గుక్క. పేర్లు ఆగలేదు, గుక్కలూ ఆగలేదు. బాటిలు ఖాళీ అయితే టీచరమ్మే జాలిపడి లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది, అదీ తాగేశాను. తాగిన నీళ్ళు ఊరుకుంటాయా? హల్వా పెట్టె గోడమీద పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తాను. బయటికొచ్చాను, మళ్ళీ పేర్లు, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ పరుగు.

మూడోసారి పరుగెత్తుతుంటే వెనకనుంచి ఎదురింటి ముసలమ్మ గొంతు వినబడింది. "ఓలమ్మో! మాడుగుల అల్వా. కుండలకి కుండలు నీళ్ళు. ఊరికే దొడ్లోకి పరుగు. అడిగితే సిగ్గుపడి సెప్పదు. మీకింకా తెల్లేదేటే, ఎర్రిమొహాలూ!"

అంతే, వీధంతా ఒకేసారి హల్వా నోట్లో వేసుకుంది.

నాకు యాభై దాటింది. బయటికొచ్చి కేకలేద్దామని తలుపు దాకా వచ్చాను. "ఏమ్మా, మీకు బుద్ధుందా" అన్న మాట నాలుక చివరికి వచ్చింది కూడా. కిటికీలోంచి చూశాను. ఎవరి నోటా ఫోనాఫీసు మాట లేదు. ఎవరి పేర్లూ లేవు. నా వయసు లెక్కపెడుతున్నారు, మా ఆయన వయసు లెక్కపెడుతున్నారు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోతున్నారు. నేను ఇప్పుడు కాదంటే వీళ్ళంతా తిరిగి ఎక్కడికి వెళతారో నాకు తెలుసు. అక్కడే కుర్చీలో కూలబడి, నోరు మూసుకుని, నవ్వలేక ఏడవలేక ఊరుకున్నాను.

మర్నాడు మేడంకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు గంభీరంగా విన్నారు. "మీరు నోటితో చెప్పలేదు, పెట్టెతో చెప్పారు" అన్నారు. "బాధ మాత్రమే కాదమ్మా, వాళ్ళ సంతోషం కూడా వాళ్ళదే. పంచాలో వద్దో వాళ్ళ ఇష్టం." నేను తల వంచుకున్నాను. ఇంకా ఏదో అనబోయి, "ఇంతకీ ఎన్నో నెలట?" అన్నారు. ఆ మాట అన్నాక ఆవిడ గంభీరం నిలవలేదు. ఇద్దరం టేబుల్ మీద తలలు పెట్టుకుని నవ్వాం, ఫోన్ మోగేదాకా.

ఆ సాయంత్రం మా ఆయన మార్కెట్ నుంచి ఎర్రబడ్డ ముఖంతో వచ్చాడు. బెల్లం దిమ్మలు దించుతున్న రైతులు పని ఆపి మరీ చేతులు కలిపారట. "బావా, దాచేవు గదా!" అని ఒకడు, "మావా, పాత చెరుకుకే తీపెక్కువంట" అని ఒకడు. కొట్టు యజమాని టీ తెప్పించి ఇచ్చాడట.

"ఏటే ఇది? నాకు తెలీకుండా!" అన్నాడు.

"మీకు తెలియదా?"

"నాకు తెలుసు గనకే అడుగుతున్నాను!"

"కొన్నాళ్ళు ఎవరడిగినా అవుననకండి, కాదనకండి. ఎందుకని అడక్కండి. మీకు దణ్ణం పెడతాను" అన్నాను. పెళ్ళైనప్పటినుంచి నేను ఆయన్ని ఏదీ అడగవద్దని అనలేదు, అడగకపోయినా చెప్పే మనిషిని. ఆయన నా ముఖం కేసి చాలాసేపు చూసి, సరే అన్నాడు. రెండోరోజు నుంచి మార్కెట్‌కి ఇస్త్రీ చొక్కా వేసుకెళ్ళడం మొదలుపెట్టాడు. నాలుగో రోజుకి మీసానికి రంగు కూడా వేశాడు. ఏదో సాయం చెయ్యమంటే మరీ అంత సాయం చెయ్యాలా?

అసలు యుద్ధం మా అత్తతో. ఆవిడకి ఆ వయసులో ఈ పుకారు పిడుగే. మొదట రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత దానిమ్మపళ్ళు తెప్పించి, నా మంచం మీద పెట్టి, అటు తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎత్తులు మొదలుపెట్టింది. "నాకంతా తెలుసులే, నువ్వు సెప్పక్కర్లేదు" అని ఒకరోజు. ఆ ఎత్తు నాదే, నా దగ్గరే నేర్చుకుంది. గుండెల్లో నొప్పని పడుకుని, "పోయేముందు నిజం తెలిత్తే బాగుణ్ణు" అని ఇంకోరోజు. డాక్టరు దగ్గరికి పదమంటే లేచి పచ్చడి అన్నం తింది. ఆవిడకి ఒక్కదానికైనా లేదు, అదేమీ కాదు అని చెబుదామని ఎంత కొట్టుకుపోయానో. చెబితే అరగంటలో ఎదురింటి అరుగు మీదికి చేరుతుంది. అక్కడినుంచి వీధంతా మళ్ళీ ఫోనాఫీసుకే వస్తుంది. నీళ్ళు తాగాను. నీళ్ళు తాగినకొద్దీ పుకారు బలపడింది.

వీధిలో నడుస్తుంటే పిల్లలు కూడా పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవాళ్ళు. టీచరమ్మ ఉసిరికాయలు పంపింది. చర్చి వీధిలోంచి ఎవరో నాకోసం ప్రార్థన చేశామని కబురు పెట్టారు. వెనకనుంచి నవ్వులు వినబడేవి. నిజం చెబుతున్నాను, కొన్నిసార్లు కడుపు రగిలిపోయేది. ఊళ్ళో అందరి సంగతులూ చెప్పిన నేను నా ఒక్క సంగతికి నోరు విప్పలేకపోవడం! అంతలో ఆ నవ్వు గుర్తొచ్చేది, ఫోన్లో నేను విన్న ఆ నవ్వు. అది ఇంకా ఎక్కడో భద్రంగా ఉందనుకుంటే నాకూ నవ్వొచ్చేది. నడిరోడ్డు మీద ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని. అది చూసి "ఏవిళ్ళలో అలగే ఉంటాది" అని తేల్చేశారు.

ఇలా ఉండగా ఒకరోజు ఉదయం వంటింట్లో కూర్చుని ఎండు నెత్తళ్ళ తలలు తుంచుతున్నాను. రాజయ్యపేట నుంచి వచ్చే చేపలమ్మి అప్పుడే ఇచ్చి వెళ్ళింది. మా ఆయన మార్కెట్‌కి వెళ్ళిపోయాడు. మా అత్త వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, చేటలోంచి తనూ ఒక గుప్పెడు తీసుకుంది.

"నిన్న నువ్వు కారం ఏసుకుని ఎండు చేపల కూర కంచం నిండా తిన్నావు" అంది. "వాంతి లేదు, నలత లేదు. బస్తా బియ్యం నువ్వే జరిపేవు. నాను ఐదుగుర్ని కన్నదాన్నే. నాకు తెల్దనుకున్నావా?"

నేను నీళ్ళ చెంబుకోసం చేయి చాపాను. ఆవిడ చెంబు పక్కకి జరిపేసింది.

"తాగకు. సెప్పకు కూడాను. నాను అడగను." ఇంకో చేప తల తుంచింది. "ఎవులిదో మాట కాయడానికి గదా ఇంత నవ్వులపాలయ్యేవు? ఆ మడిసెవులో నీకు తెలుసో తెల్దో. ఆళ్ళ కోసం నా సేత, నీ మొగుడి సేత, ఈదంతటి సేత మాట పడి, ఒక్క ముక్క బైటెట్టలేదు. నువ్వు! నువ్వేనేటే?"

నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం వచ్చేశాయి. చేపల చేత్తో తుడుచుకుంటే ఇంకా మండాయి. ఆవిడ తన కొంగుతో నా ముఖం తుడిచింది. పెళ్ళై ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ముట్టుకున్న గుర్తు లేదు. తర్వాత లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టి వచ్చి కూర్చుంది.

"ఫోనాఫీసులో ఎలగ ఇంటావో అలగే ఇను" అంది. "ఇది ఎవులికీ తెల్దు గదా?"

అదే మాట. చేట పక్కన పెట్టాను, చేతులు కడుక్కున్నాను, ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. "తెలియదత్తా" అన్నాను.

ఆవిడ మొదలుపెట్టింది. నేను ఊ కొట్టాను. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన కొత్తనాటి సంగతి, మా మామగారికి కూడా చెప్పనిది, చెల్లెలికి చెప్పనిది. మధ్యలో ఏడ్చింది. కాసేపటికి అందులోనే ఏదో గుర్తొచ్చి పగలబడి నవ్వింది, నేనూ నవ్వాను. నెత్తళ్ళు పిల్లి ఎత్తుకెళ్ళిపోయినా ఇద్దరం చూసుకోలేదు. ఏమిటా సంగతి అంటారా? ఇక్కడ మేడం కొట్టేసిన వాక్యం ఏదీ లేదు. నేనే రాయలేదు.

అంతా చెప్పాక ఆవిడ ముఖం చూశాను. ఏదో బరువు దించి గోడకి చేరబడినట్టు కూర్చుంది. నాకు ఆవిడ మీద ఎంత ప్రేమ వచ్చిందో చెప్పలేను. ఇన్నేళ్ళుగా ఎండలో వర్షం కురిపించిన మనిషి, నాకు, నాకే, చెప్పింది!

ఇద్దరం కలిసే గడియ తీసి బయటికొచ్చాం. పట్టపగలు తలుపు ఎందుకు మూసుకున్నామో చూడటానికి వైండింగ్ షాపావిడ అప్పటికే గేటు దగ్గరుంది. మా ఇద్దరి ఏడ్చిన కళ్ళు చూసింది, నవ్వు ముఖాలు చూసింది. పాపం ఏది పట్టుకోవాలో తెలియలేదు.

"ఏటి అత్తా, వదినకి నిజవేనా? కాదని కూడా అంటన్నారు. ఇంకా ఆ అల్వా ఫోనాఫీసులో ఎవులి కోసమో అనీ అంటన్నారు. నువ్వయితే ఉన్నదున్నట్టు సెప్తావని వచ్చేను."

అడిగినదానికి జవాబు చెప్పకుండా మా అత్త ఎవరినీ పంపించింది లేదు. అది ఆవిడ గర్వం. కాదు అని ఒక్క మాట అంటే చాలు, అంతా మొదటికొస్తుంది.

మా అత్త నాకేసి చూడలేదు. కొంగు నడుముకి దోపుకుంది. గుమ్మం పక్కన తగిలించి ఉన్న నా సంచిలోంచి స్టీలు బాటిలు తీసి, మూత తిప్పి, తల ఎత్తి గటగటా తాగింది. మూతి తుడుచుకుంది.

"అల్వా తిన్నావు గదే," అంది. "ఇంకేటి కావాలి నీకు?"